చిన్నాయన పేరు మీద గోళీలు

మొన్నటి ఆదివారం మా సిరిసిల్ల సంఘంలో ప్రభువు బల్ల, అంటే యేసు పేరున అందరం కలిసి రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన, జరిగింది. ఇప్పుడు బల్ల అంటే వెనకటిలాగా ఒక్క పాత్ర చేతి నుండి చేతికి పోవడం కాదు. కరోనా వచ్చి పోయిన దగ్గర నుండి బొటనవేలంత ప్లాస్టిక్ గిన్నెలు వచ్చాయి, ఒక్కో దానిలో గుక్కెడు ద్రాక్షరసం, పైన అంటించిన మెరుపు కాగితం. నా పక్క కుర్చీలో కూర్చున్న మా చిన్నమ్మ, అంటే మా అమ్మకు చెల్లెలు, ఎనభై దాటిన మనిషి, ఆ కాగితం ఊడదీయడం చేతకాక గిన్నెను నా చేతికిచ్చింది. నేను ఊడదీసి ఇస్తుంటే, తాగడానికి ముందు, నాకు మాత్రమే వినిపించేంత మెల్లగా ఒక మాట అన్నది. ఆ మాటకు నా చేతిలో గిన్నె ఒరిగి రసం సగం నా చీర మీదే ఒలికింది. ఇంటికి వచ్చి చీర నానబెట్టినా ఆ మరక పోలేదు, ఆ మాటా పోలేదు. దాని బరువు మీకు తెలియాలంటే అన్నల కాలానికి, ఒకే పాత్రలో ఇరవై మంది తాగిన ఆ రోజులకు పోవాలి.

నేను పుట్టింది కోరుట్లలో. మా బాపు అక్కడ బడిపంతులు, సంఘంలో పెద్ద. మా ఇంట్లో తెల్లారితే వాక్యం, పొద్దుగూకితే వాక్యం. అక్షరాలు రాకముందే కీర్తనలు వచ్చాయి నాకు. బాపు గొంతు పెద్దది, ఆయన పాట ఎత్తుకుంటే వీధి చివరన బీడీలు చుట్టే ఆడవాళ్లు చేతులాపి వినేవారు. నా చదువు పదితో ఆగకుండా జగిత్యాలకు పంపి ల్యాబు పని నేర్పించింది కూడా ఆయనే, రోగుల సేవ ప్రభువు సేవ అని చెప్పి. జగిత్యాలలో మాకు పని నేర్పిన పెద్దాయన పొట్టి మనిషి, చెప్పిందే చెప్పే అలవాటు. టీబీ పురుగు ఉమ్మిలో కనిపిస్తుంది గానీ ప్రయాణం చేసేది గాలిలో అనేవాడు. దగ్గినా, తుమ్మినా, గట్టిగా పాడినా లోపలి నుండి కంటికి కనబడని తుంపరలు లేస్తాయని, మూసిన గదిలో గంటల కొద్దీ వేలాడుతాయని, ఎండా గాలీ తగిలితే పురుగు చస్తుందని, అందుకే తెమడ పట్టేటప్పుడు రోగిని ఎప్పుడూ ఆరుబయట నిలబెట్టమని చెప్పేవాడు. అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ నోటుబుక్కు ఇప్పటికీ ఉన్నది. 'గట్టిగా పాడినా' అన్న మాట కింద గీత గీసి కూడా ఉన్నది.

మొదటి ఉద్యోగం సిరిసిల్లలో. పెళ్లికాని పిల్లను ఒంటరిగా ఉంచలేక, అప్పటికే బడి నుండి దిగిపోయిన బాపు, అమ్మ నాతో పాటే వచ్చారు. చిన్నమ్మ ఇల్లు ఇక్కడే. ఆమె భర్త, మా చిన్నాయన, సాంచాల మీద పని చేసేవాడు. మరమగ్గాలను ఇక్కడ సాంచాలనే అంటారు. ఆ రోజుల్లో వీధిలో నిలబడితే పక్కవాడి మాట వినబడనంత చప్పుడు. అప్పటి పనిని చూసినవాళ్లకు తెలుసు: మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తి దారం అల్లే చెక్క ముక్క నాడె, అందులో కొత్త దారపు కండె పెట్టినప్పుడల్లా దారం కొసను నాడె కన్నంలో నుండి బయటికి లాగాలి, దానికి సూదీ లేదు, పుల్లా లేదు, కన్నానికి పెదవులు ఆనించి సుయ్యిమని పీలిస్తే దారం నోట్లోకి వచ్చేది. రోజుకు వందల సార్లు. పగటి పాళీ మనిషి పీల్చిన నాడెనే రాత్రి పాళీ మనిషి పీల్చేవాడు. పెండ్లాం కంటే దీనికే ఎక్కువ ముద్దులు పెట్టిన అని చిన్నాయన తోటివాళ్లతో అనేవాడట, చిన్నమ్మ ఆ మాట వినబడనట్టు పక్కకు తిరిగి నవ్వేది.

చిన్నాయన మా నమ్మకంలోకి కొత్తగా వచ్చినవాడు. కల్లు మానాడు, బీడీ మానాడు. నమ్ముకున్నాడని తెలిసిన రోజు నుండి ఆయన వైపువాళ్లు పెళ్లికీ చావుకూ పిలవడం మానేశారు, ఆయన అన్నగారి ఇంట్లో ఆయన తాగిన చెంబును బయట బోర్లించారు. అందుకే బల్ల నాటి ఆ ఒక్క పాత్ర ఆయనకు ఎంతటిదో మాకు తెలియాల్సింది. పుట్టి పెరిగిన ఊళ్లో ఆయనతో ఒకే గిన్నెలో తాగే మనుషులు మేము తప్ప ఎవరూ మిగలలేదు. ఎండుద్రాక్షను ముందు రోజే నానబెట్టి బట్టలో వేసి పిండే పని చిన్నమ్మది, ఆ పాత్రను చింతపండుతో తోమి తళతళలాడించే పని ఆయనది, ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు.

మాకు గుడి లేదు. చిన్నమ్మ ఇంటి ముందు గదే గుడి. ఇరవై మందిమి చాపల మీద మోకాళ్లు తగిలేలా కూర్చునేవాళ్లం. బాపు గోడకు ఆనుకుని మా అందరికీ ఎదురుగా, ఆయన పక్కన కంజీరతో చిన్నాయన, ఆ పక్కన వాళ్ల బిడ్డ, నాకు చెల్లె, పదహారేళ్లది, బాపు పాటకు వంత పాడేది. అన్నల కాలం అని ఇందాక అన్నాను కదా, నక్సలైట్లను మేము అన్నలనేవాళ్లం. గోడల మీద ఎర్ర రాతలు, ఊళ్లలో మీటింగులు, మర్నాడు పోలీసు జీపులు. నలుగురు ఒకచోట చేరితే ఏదో ఒక పక్కకు జవాబు చెప్పుకోవలసిన రోజులు. ఒక ఆదివారం మధ్యాహ్నం కంజీర చప్పుడు విని, అన్నల పాటల దళమేమో అనుకుని, ఇద్దరు పోలీసులు లోపలికి వచ్చి మా పాటల పుస్తకాలను అటూ ఇటూ తిప్పి చూసి, చిన్నాయనను చెంప మీద ఒకటి కొట్టి పోయారు. ఆ మరుసటి వారం నుండి తలుపులు, కిటికీలు మూసి ఆరాధన చేసుకున్నాం. వేసవి ఎండలో ఆ గది పొయ్యిలా ఉండేది. గడియలు పెట్టేదాన్ని నేనే. వారమంతా ఆస్పత్రిలో రోగులను చెట్టు కిందికి పంపి దగ్గించిన దాన్ని, ఆదివారం నా చేతులతోనే కిటికీలు మూసి, గడియలు బిగించి, గాలి చొరబడని ఆ గదిలో అందరితో కలిసి రెండు గంటలు గట్టిగా పాడేదాన్ని. ఒక్కసారి కూడా నోటుబుక్కు గుర్తుకు రాలేదు.

చిన్నాయనకు దగ్గు పట్టింది ఆ ఎండాకాలంలోనే. సాంచాల దుమ్ము అనుకున్నాం. నెల దాటినా తగ్గలేదు, సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది, అంగీ వదులైంది. నేనే ఆస్పత్రికి రమ్మన్నాను. మూడు సార్లు తెమడ పట్టి, గాజు పలకల మీద పలుచగా రాసి, ఎర్రరంగు పోసి దీపం మీద కాచి, ఆమ్లంతో కడిగి, నీలిరంగు పోసి, కిటికీ వెలుతురులోకి మైక్రోస్కోపు జరిపి చూశాను. నీలపు నేల మీద సన్నటి ఎర్ర పుల్లలు. ఎన్నో లేవు, వెతికితే దొరికేటన్ని. ఏడాది పాటు విడవకుండా గోళీలు మింగితే నయమయ్యే జబ్బు. మొదటి నెల పొట్లం నేనే కట్టి ఇచ్చాను. మందుల బీరువా తాళం, టీబీ రోగుల పుస్తకం కూడా నా దగ్గరే ఉండేవి.

ఆ సాయంత్రం బాపుకు చెప్పాను. చెప్పిన తీరు ఇప్పటికీ నన్ను కోస్తుంది. ఎట్లా వచ్చిందని ఆయన అడిగితే, నాకు తెలిసిన గాలి మాట చెప్పలేదు, కంటికి కనబడే నాడె మాట చెప్పాను. ఒకరి నోరు తగిలిన దానికి ఇంకొకరి నోరు తగలడం వల్ల కావచ్చన్నాను. చదువుకున్న బిడ్డ చెప్పింది గనుక బాపు తలూపాడు. పూర్వకాలం యాజకులు రోగిని పరీక్షించి పాళెం బయట ఉంచిన సంగతి ఆయనకు గుర్తుకు వచ్చింది. నోటికి నోరు అంటే ఆయనకు పాత్ర గుర్తుకు వచ్చింది. కిటికీ ఇద్దరికీ గుర్తుకు రాలేదు.

తరువాతి బల్ల నాడు బాపు ముందుగా ఎవరికీ ఏమీ చెప్పలేదు. పాత్ర వరుసగా వస్తున్నది. ఒకరు తాగి, అంచును తెల్లబట్టతో తుడిచి, పక్కవారికి ఇస్తున్నారు. చిన్నాయన అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని రెండు చేతులు చాపాడు. బాపు వంగి, పాత్రను ఆయన చేతుల మీదుగా దాటించి చెల్లెకు అందించాడు. చాపిన చేతులు అట్లాగే ఉన్నాయి. కళ్లు తెరిచి చూసి, ఆ చేతులను ఏం చేయాలో తెలియక మెల్లగా మొక్కుతున్నట్టు కలిపాడు. చిన్నమ్మ తల దించుకున్నది. గదిలో అందరూ చూశారు. ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటూ ఒక ముసలమ్మ ఇంకొక ఆమెతో, వాళ్లోళ్లను ఇడిసిపెట్టి మనల్ల కలిసిండు, ఇప్పుడు మన దాంట్ల గూడ పాలు లేకపాయె అన్నది. ఆ మాటలో జాలి లేదు, కొంచెం సంబరమే ఉన్నది.

కంజీర వేరొకరి చేతికి పోయింది. పాత్ర తోమే పనీ పోయింది. పిల్లకు అంటుతుందని అమ్మ, బాపు, నేను కూడా చెప్పగా చిన్నమ్మ ఒప్పుకున్నది, చిన్నాయన మానేరు అవతల తంగళ్ళపల్లిలో ఒక సాంచాల షెడ్డు వెనక చిన్న గది చూసుకుని పోయాడు. నెలకొకసారి వంతెన దాటి వచ్చి గోళీలు తీసుకుపోవాలి. రెండో నెల తీసుకుని పోతుంటే వంతెన దగ్గర తనిఖీ. సంచిలో అన్ని గోళీలు, ఒకే రకం, ఏ దళానికి మోస్తున్నవురా అని అడిగారట. నాకేనని చెప్తే నమ్మలేదు. గోళీలన్నీ ఏట్లో పారబోసి, మోకాళ్ల మీద కొట్టి పంపించారు. ఆ తరువాత ఆయన గోళీల కోసం వంతెన దాటలేదు. ఈ సంగతి నాకు చిన్నమ్మ ద్వారా తెలిసింది. నాకు ఉద్యోగపు కాగితం ఉన్నది, నన్ను ఎవరూ ఆపరు, నేనే తీసుకుపోయి ఇవ్వవచ్చు. పోదామని ఆ వారం అనుకున్నాను, ఆ పై వారం కూడా అనుకున్నాను. పోలేదు. భయమని అప్పుడు అనుకున్నాను. భయం కొంతే, మిగతాది బద్ధకం.

వానలు ముదిరాక చెల్లె దగ్గడం మొదలుపెట్టింది. తండ్రి దగ్గర నుండే అంటించుకున్నదని సంఘమంతా అన్నది, చిన్నమ్మ కూడా ఏడుస్తూ అదే అన్నది. నాకు మాత్రం లెక్క కుదరలేదు. తండ్రి ఇల్లు వదిలి పోయి మూడు నెలలు. ఆయన పలకలో వెతికితే గానీ దొరకని పుల్లలు. అప్పుడు మొదటిసారి, ఆదివారం నాడు, కళ్లు తెరుచుకుని పాట విన్నాను. బాపు ఒక చరణానికీ ఇంకో చరణానికీ నడుమ దగ్గుతున్నాడు. ఆ దగ్గు కోరుట్ల నుండి ఉన్నది, సుద్దముక్కల దగ్గు అనేవాళ్లం, దానికి మా చెవులు అలవాటుపడి పోయాయి. దగ్గి, గొంతు సవరించుకుని, వంత పాడే పిల్ల ముఖానికి జానెడు దూరంలో మళ్లీ పెద్దగా ఎత్తుకుంటున్నాడు.

పరీక్షకు రమ్మంటే ఆయన రాడని తెలుసు. మంచం కింద బూడిద పోసిన డబ్బాలో పొద్దున్నే ఉమ్మేవాడు. ఒక రోజు బూడిద తీసేసి కడిగి పెట్టి, మర్నాడు అందులో పడినదాన్ని మూత పెట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోయాను. కన్ను ఆనించగానే కనబడ్డాయి. వెతికే పని లేదు. ఎక్కడ చూసినా ఎర్ర పుల్లలే, గుంపులు గుంపులుగా. చిన్నాయన పలక మీద ఉన్నవి వీటి ముందు లెక్కలోకి రావు. ఎవరి నుండి ఎవరికి పోయిందో ఏ మైక్రోస్కోపూ చెప్పదు, ఆ మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. నాడె నుండే వచ్చి ఉండవచ్చు, షెడ్డులో ఇంకొకరి దగ్గు నుండి వచ్చి ఉండవచ్చు. కానీ నెలల తరబడి మూసిన గదిలో అందరికీ ఎదురుగా కూర్చుని, చిన్నాయనకూ చెల్లెకూ పక్కనే పాడింది ఎవరో నాకు తెలుసు.

ఇంటికి వచ్చి తలుపు వేసి బాపుకు చెప్పాను. ఆయన చేతులు పాటల పుస్తకం మీద ఉన్నాయి.

"పేరు రాయకు బిడ్డా," అన్నాడు. "పెద్దకే గిట్లయిందని తెలిస్తె మంద చెదిరిపోతది."

నాకు మంద గుర్తుకు రాలేదు. చిన్నాయన చాపిన చేతులు గుర్తుకు వచ్చాయి, రేపు అట్లా మా బాపు చేతులు ఉంటాయని గుర్తుకు వచ్చింది. పేరు రాయకుండా గోళీలు ఇవ్వడానికి లేదు, ప్రతి పొట్లానికీ ఒక పేరు ఉండాలి. పుస్తకంలో ఒక పేరు ఖాళీగా ఉన్నది, గోళీలకు రాని పేరు. నెలనెలా ఆ పేరుకు ఎదురుగా ఇచ్చినట్టు రాసి, పొట్లం కొంగులో కట్టుకుని తెచ్చి బాపుకు ఇచ్చాను. ఆయన రోజూ ప్రార్థన చేసి మింగేవాడు. గొంతు బాగలేదని పాట ఇంకొకరికి అప్పగించాడు, అంతవరకు నా మాట విన్నాడు. కిటికీలు ఒక్క రెక్కయినా తెరుద్దామన్నాను. ఎందుకని అడుగుతారని వద్దన్నాడు. చెల్లెకు దాని పేరు మీదే మందులు ఇచ్చాను, అది బతికింది. నాలుగు నెలల్లో బాపు బుగ్గలు నిండాయి.

చలికాలం మొదట్లో ఒక పొద్దున చిన్నాయన ఆస్పత్రికి వచ్చాడు. వంతెన మీద తనిఖీ తగ్గిందని ఎవరో చెప్పారట. నడిచి వచ్చిన మనిషి మెట్ల దగ్గరే కూర్చుండిపోయాడు. డాక్టరు నా పుస్తకం తెప్పించి చూసి, నెల తప్పకుండా తీసుకుంటున్నావు కదా అన్నాడు. చిన్నాయన నా వైపు చూశాడు. నేను పుస్తకం వైపు చూశాను. పలక మళ్లీ చూడమంటే చూశాను. ఈసారి వెతకాల్సిన అవసరం లేదు. ఇన్ని నెలలు మింగినా పురుగు ఇట్లా పెరిగిందంటే ఈ గోళీలు ఇతని ఒంటికి పనిచేయవని, వీటిని ఆపి దూరం ఊరి పెద్దాస్పత్రికి పంపమని డాక్టరు చీటి రాశాడు. ఆ పుస్తకాన్ని నమ్మినవాడికి అంతకంటే వేరే తోవ లేదు. అది అబద్ధమని చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే, బల్లకు అవతల, రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను.

చీటి ఇవ్వడానికి బయటికి పోయాను. చెట్టు కింద, నేను రోగులను దగ్గించే చోటే కూర్చున్నాడు.

"నా పేరు మీద గోళీలు ఎవలు మింగుతున్నరు బిడ్డా?"

జవాబు నా ముఖంలో చదువుకున్నాడు.

"అన్ననా," అన్నాడు, మా బాపును ఆయన అన్న అనే పిలిచేవాడు. కాసేపు దగ్గి, తుడుచుకుని, నవ్వాడు. "నాకు గిన్నె ఇయ్యకపాయె అన్న. నా గోళీలు మాత్రం నాకంటే ముందుగాల తీస్కునె."

అంతే అన్నాడు. కోపం కాదు, సాంచాల దగ్గర తోటివాళ్లతో పరాచికమాడే గొంతే. చీటి మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. పెద్దాస్పత్రికి పోలేదు, బస్సు ఎక్కి కూర్చునే సత్తువ ఆయనలో లేదని నాకు చూడగానే తెలిసింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, చిన్నమ్మకు కూడా. మూడు వారాలకు షెడ్డు వాళ్లు కబురు పంపారు. గది తలుపు తీస్తే మంచం పక్కన నాడె ఒకటి ఉన్నది, పగిలిపోయి పనికిరానిది.

సమాధి దగ్గర వాక్యం చెప్పింది బాపే. గొంతు అప్పటికి తేటపడింది, ఒక్కసారి కూడా దగ్గలేదు. చివరలో, ఇచ్చిన మందు సరిగ్గా వాడుకోనివాడు దేవుడిచ్చిన కాలాన్ని కూడా వాడుకోలేడు అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో నేను ఎన్నడూ అడగలేదు. నా వైపు చూడకుండా అన్నాడు. చిన్నమ్మ దాన్నే పట్టుకున్నది, అదే నిజమని నమ్మింది. బాపు ఆ తరువాత ఇరవై ఏళ్లు బతికాడు, బల్ల నాడు పాత్రను ఎందరికో అందించాడు. చనిపోయే ముందు కూడా ఆ పేరు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు మన పిల్లలకు అన్నీ తెలుసు. తెమడ ఇస్తే రెండు గంటల్లో యంత్రమే చెప్తుంది, ఏ మందు పనిచేస్తుందో కూడా చెప్తుంది. గోళీలు ఇంటికే వచ్చి ఇచ్చి పోతారు. నాడెను నోటితో పీల్చిన మనుషులు ఉండేవారంటే నవ్వుతారు. వంతెన మీద సంచి విప్పమనేవాళ్లు లేరు. మా సంఘానికి పెద్ద మందిరం ఉన్నది, రెండు వందల మంది పడతారు, ఎవరి గిన్నె వారిదే, ఒకరి నోరు తగిలింది ఇంకొకరికి తగలదు. ఏసీలు పెట్టించాక కిటికీలకు రెక్కలు తీసేసి అద్దాలు బిగించారు. మొన్న పాటల నడుమ ముందు వరుసలో ఎవరో దగ్గారు, పొడి దగ్గు కాదు. లేచి కిటికీ తీద్దామని చూశాను. మేము మూసుకున్న చెక్క కిటికీలకు గడియలైనా ఉండేవి.

చిన్నమ్మ గిన్నె పట్టుకుని నాతో అన్న మాట ఇది:

"మీ చిన్నాయన గా మందులు సక్కగ మింగి ఉంటే గీ కాలం దాక బతుకుతుండె. గింతంత గిన్నె ఆయనకు గూడ దొరుకుతుండె."

ముప్పై ఏళ్లకు పైగా, ఏటేటా ఆయన పోయిన రోజున ఆమె మందుల మాట అంటున్నది, ఏటేటా నేను తల ఊపుతున్నాను; గిన్నె మాట మాత్రం మొన్ననే అన్నది. తగని చేత్తో ఆ రసం తాగినవారు తమ మీదికి తామే శిక్ష తెచ్చుకుంటారని చిన్నప్పుడే బాపు ఒళ్లో కూర్చుని నేర్చుకున్నదాన్ని. మొన్న కూడా తల ఊపి, ఒలకగా మిగిలింది ఆమెకు ఇచ్చి, నా గిన్నె మీద కాగితం ఊడదీసుకుని తాగాను.